ఈ రాత నన్నెలా ఒప్పించింది? ఒప్పించే భాషను విప్పి చూడటం ఎలా

సంపాదకీయం, ప్రకటన, ఎన్నికల కరపత్రం, విరాళం కోరే ఉత్తరం: వీటన్నిటి పని ఒకటే, చదివేవాళ్ల చేత ఔననిపించడం. ఇలాంటి రాతను విశ్లేషించమంటే చాలామంది పేర్ల వేట మొదలుపెడతారు. ఇక్కడ రూపకం, ఇక్కడ పునరుక్తి, ఇక్కడ ప్రశ్న అని గీతలు గీసి పని అయిపోయిందనుకుంటారు. పేరు పెట్టడం తేలికే. ఆ మాట పడ్డాక పాఠకుడు ఏ ప్రశ్న అడగకుండా ఊరుకున్నాడో పట్టుకోవడమే అసలు పని.

సాధన కోసం కావాలని రాసిన ఈ పేరా చదవండి:

"మనమందరం పిల్లల మేలు కోరేవాళ్లమే. మరి ఈ చిన్న తెర వాళ్ల బాల్యాన్ని మన కళ్లముందే మింగేస్తుంటే చూస్తూ కూర్చుందామా? ఫోన్లతో ప్రమాదమని నిపుణులు ఎప్పటినుంచో హెచ్చరిస్తూనే ఉన్నారు. ఇప్పుడైనా స్కూళ్లలో ఫోన్లు నిషేధించకపోతే ఒక తరాన్ని చేజేతులా పోగొట్టుకున్నట్టే."

1. మొదట మామూలుగా చదవండి

విశ్లేషణ సంగతి కాసేపు పక్కన పెట్టండి. ఎక్కడ తల ఊపారో, ఎక్కడ కోపమో కంగారో వచ్చిందో అక్కడ పెన్సిల్‌తో ఓ చుక్క పెట్టండి, చాలు. రెండోసారి చదివేటప్పటికి ఆ స్పందన చల్లారిపోతుంది, కాబట్టి మొదటిసారే గుర్తు పెట్టుకోవాలి. పై పేరాలో "మింగేస్తుంటే" దగ్గర, చివరి వాక్యం దగ్గర చుక్క పడే అవకాశం ఎక్కువ.

2. ఎవరు, ఎవరితో, ఏం చేయమంటున్నారు?

ఒక్క వాక్యంలో రాసుకోండి. తర్వాత ఆ రాత దేని మీద ఆధారపడి నిలబడిందో చూడండి. ఒప్పించడానికి మూడు దారులున్నాయని క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలోనే అరిస్టాటిల్ చెప్పాడు: చెప్పేవాడి మీద నమ్మకం, వినేవాడిలో రేగే భావం, వాదంలోని తర్కం. మన పేరాలో భావం నిండుగా ఉంది. నమ్మకాన్ని నిపుణుల దగ్గర అరువు తెచ్చుకుంది. తర్కం కోసం వెతికితే దాదాపు ఏమీ దొరకదు.

3. చుక్క పెట్టిన చోట మాట మార్చి చూడండి

అన్నిటికన్నా ఎక్కువ దొరికేది ఈ అడుగులోనే, కాబట్టి తొందరపడకండి. "తెర బాల్యాన్ని మింగేస్తోంది" అన్న చోట "పిల్లలు ఫోన్ ఎక్కువసేపు చూస్తున్నారు" అని పెట్టండి. విషయం అదే అయినా భయం పోయింది. ఇంకో సంగతి కూడా బయటపడింది. మొదటి వాక్యంలో ఫోన్ ఒక క్రూరమృగం, పిల్లలు దాని ఆహారం. రెండో వాక్యంలో పిల్లలే చూస్తున్నారు. అప్పుడే "ఎంతసేపు? ఏం చూస్తున్నారు?" అనే ప్రశ్నలు పుడతాయి. మృగం ఎదురుగా ఉన్నప్పుడు ఎవరూ అలాంటివి అడగరు.

మాట బలం ఊహ మాత్రమే కాదు. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అనే మనోవిజ్ఞాన పరిశోధకులు విద్యార్థులకు కార్ల ప్రమాదాల ఫిల్ములు చూపించి, వేగం ఎంతో అంచనా వేయమన్నారు. ప్రశ్నలో క్రియ ఒక్కటే మార్చారు. కార్లు ఒకదాన్నొకటి "తాకినప్పుడు" అని అడిగిన వాళ్లు సగటున గంటకు 31.8 మైళ్లన్నారు. "బలంగా గుద్దుకున్నప్పుడు" అని అడిగిన వాళ్లు 40 మైళ్లకు పైనే అన్నారు. మరో ప్రయోగంలో వారం తర్వాత పిలిచి, పగిలిన గాజు చూశారా అని అడిగారు. ఫిల్ములో గాజే పగల్లేదు. అయినా "గుద్దుకున్న" మాట విన్న 50 మందిలో 16 మంది చూశామన్నారు. ఒక్క క్రియ జ్ఞాపకంలోకి కూడా దూరిపోయింది!

4. కర్తను వెతకండి

తెలుగులో దీనికి చక్కటి ఆనవాళ్లున్నాయి. "మేము" అంటే మీరు బయట ఉన్నారు. "మనం" అనగానే మిమ్మల్ని లోపల కూర్చోబెట్టేశారు. "మనమందరం పిల్లల మేలు కోరేవాళ్లమే" అన్న మాటను కాదనేవాళ్లెవరు? అలా ఒకసారి ఔనన్నాక, చివర నిషేధం దగ్గర కాదంటే పిల్లల మేలు కోరనివాళ్ల జాబితాలో పడతామేమోనన్న బెరుకు మొదలవుతుంది. "కూర్చుందామా?" అనే ప్రశ్నదీ అదే పని. దానికి జవాబు ముందే రాసి ఉంది.

కర్త అసలు కనిపించని వాక్యాలు మరో రకం. "పొరపాటు జరిగింది" అంటారు, చేసిందెవరో చెప్పరు. "విమర్శలు వినిపిస్తున్నాయి" అంటారు, ఎవరి నోట వినిపించాయో ఉండదు. అలాంటి చోట "ఎవరు?" అని మార్జిన్‌లో రాయండి. మన పేరాలో నిపుణుల పక్కన కూడా అదే ప్రశ్న రాయాలి. ఏ రంగంలో నిపుణులు, ఏ వయసు పిల్లల గురించి అన్నారు? పేరూ ఊరూ లేని నిపుణుల్ని నేనైతే లెక్కలోకి తీసుకోను.

5. అంకెను తిరగేయండి

అంకె ఉంటే నిజమే అయ్యుంటుందని నమ్మేస్తాం. అది నిజమే కావచ్చు, కానీ ఏ వైపు నుంచి చెప్పారన్నది కూడా ముఖ్యం. 1981లో ఆమోస్ ట్వెర్‌స్కీ, డేనియల్ కానెమన్ అనే మనోవిజ్ఞాన పరిశోధకులు ప్రచురించిన ప్రయోగంలో, 600 మంది ప్రాణాలు తీసే వ్యాధి వస్తోందనుకోమన్నారు. కచ్చితమైన ఫలితం ఇచ్చే పథకమొకటి, అదృష్టం మీద వదిలేసేది మరొకటి ముందు పెట్టి ఎంచుకోమన్నారు. మొదటి పథకంతో "200 మంది బతుకుతారు" అన్నప్పుడు 72 శాతం దాన్నే ఎంచుకున్నారు. అదే పథకాన్ని "400 మంది చనిపోతారు" అని ఇంకో బృందానికి చెబితే ఎంచుకున్నది 22 శాతమే. కాబట్టి ఎక్కడ శాతం కనిపించినా చెప్పకుండా వదిలేసిన మిగతా శాతాన్ని మీరే రాసి చూడండి.

6. ఒకరి కథ, ఒకే మాట

ఒక పాప పేరు, ఫొటో పెట్టి సాయం అడిగితే, లక్షల మంది ఆకలి లెక్కలకన్నా ఎక్కువ విరాళం వచ్చిందని 2007 నాటి ఒక అధ్యయనంలో తేలింది. ఆ పాప కథకు లెక్కలు జోడిస్తే విరాళం తగ్గింది కూడా. కథ కనిపిస్తే, అది అందరి పరిస్థితికీ అద్దం పడుతోందా, లేక ఏరి తెచ్చిందా అని అడగండి. పదేపదే వచ్చే మాటల్ని లెక్కపెట్టండి. విన్నదే మళ్లీ వింటే నిజమనిపిస్తుందన్నది 1977 నుంచి ప్రయోగాల్లో కనిపిస్తూనే ఉంది.

7. ప్రభావాన్ని వాక్యంగా రాయండి

"రచయిత రూపకం వాడి పాఠకుణ్ని ఆకట్టుకున్నాడు" అని రాస్తే ఏమీ చెప్పినట్టు కాదు. ఏ రచనకైనా అతికే వాక్యమది. ఇలా రాయండి: "'ఒక తరాన్ని చేజేతులా పోగొట్టుకున్నట్టే' అన్న మాట నిషేధానికీ నాశనానికీ మధ్య ఇంకే దారీ లేదనిపిస్తుంది. తరగతి గంటల్లో మాత్రమే ఫోన్లు దాచి ఉంచితే చాలదా అన్న ఆలోచన పాఠకుడికి రాకుండా చేస్తుంది. 'చేజేతులా' అన్న మాట ఆ నింద తల్లిదండ్రుల మీదే మోపుతుంది." ఎక్కడి మాట, ఏం అనిపించింది, ఏ ప్రశ్న ఆగిపోయింది అన్న మూడూ అందులో ఉన్నాయి.

8. అవతలి పక్షం తరఫున అదే పేరా రాయండి

చాలామంది దీన్ని వదిలేస్తారు, నాకు మాత్రం ఇదే ఇష్టం. "మనమందరం పిల్లల భద్రత కోరేవాళ్లమే. ఆపదలో ఉన్న పాప అమ్మకు ఒక్క ఫోన్ కూడా చేసుకోలేకపోతే ఆ పాపం ఎవరిది?" అంటూ అవే ఎత్తులు వాడండి. అంతే జోరుగా వస్తే, ఆ ఎత్తులు ఏ వాదాన్నీ రుజువు చేయలేదని అర్థం. అలాగని వాదం తప్పని కూడా కాదు. నిజమైన ప్రమాదం గురించి రాసేవాళ్లూ ఇవే వాడతారు, వాడాలి కూడా. రెండు పేరాల్లోంచి అలంకారాలు తీసేసి మిగిలింది పక్కపక్కన పెట్టండి. ఆధారం ఏ పేరాలో మిగిలితే దాన్ని మళ్లీ చదవండి. రెండింటిలోనూ మిగలకపోతే, నిపుణులెవరో, వాళ్లు అసలు ఏమన్నారో వెతకడం దగ్గర పని మొదలవుతుంది.