గ్రేడ్ పరీక్షకు ఇంట్లో వీడియో రికార్డింగ్ ఎలా చేయాలి?

పాశ్చాత్య సంగీతంలో గ్రేడ్ పరీక్షను 2020 నుంచి ఇంట్లోనే వీడియో తీసి పంపే వీలుంది. ఇక్కడ చెప్పేది లండన్‌లోని సంగీత పరీక్షల సంస్థ ఏబీఆర్‌ఎస్‌ఎం నడిపే పెర్ఫార్మెన్స్ గ్రేడ్ గురించి. ఇలాంటి పరీక్షలే పెట్టే మరో సంస్థ ట్రినిటీ నిబంధనలు వేరు, కర్ణాటక సంగీతం సర్టిఫికెట్ పరీక్షలకు ఇవి వర్తించవు.

మార్కుల లెక్క ముందు తెలుసుకోండి

నాలుగు పీసులు (సంగీత రచనలు), ఒక్కోదానికి 30 మార్కులు. మొత్తం కచేరీ ఎలా సాగిందన్న దానికి మరో 30. అంటే 150కి పరీక్ష. 100 వస్తే పాస్, 120కి మెరిట్, 130కి డిస్టింక్షన్. స్కేల్స్ (స్వరాల వరసలు), సైట్ రీడింగ్ (కొత్త నోట్స్ చూసి అప్పటికప్పుడు వాయించడం) ఉండవు. అయితే నాలుగు పీసులూ ఆపకుండా ఒకే వీడియోలో రావాలి, కత్తిరించి అతికిస్తే కుదరదు. అందుకే చివరి రెండు వారాలు పీసులను విడివిడిగా కాక, వరసగా నాలుగూ వాయించి సాధన చేయాలి. మధ్య విరామాలతో కలిపి 1వ గ్రేడ్‌కు 6 నిమిషాలు, 5వ గ్రేడ్‌కు 12, 8వ గ్రేడ్‌కు 25 దాటకూడదు. 6వ గ్రేడ్ నుంచి థియరీ 5వ గ్రేడ్ వంటి అర్హత ముందే ఉండాలి.

గది, వేళ

హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో అసలు ఇబ్బంది చప్పుడే. బోరు మోటారు, జనరేటర్ వేళలు వాచ్‌మన్‌ను అడిగి తెలుసుకోండి. ఇంట్లో కుక్కర్ పెట్టొద్దని చెప్పండి. ఆషాఢం ఆదివారాల్లో బోనాల డప్పులు, వినాయక నవరాత్రుల్లో మైకులు ఉంటాయి కాబట్టి వీడియో పంపాల్సిన ఆఖరి తేదీ ఆ రోజుల్లో పడకుండా బుక్ చేసుకోవడం మేలు.

టైల్స్ నేల మీద ధ్వని మార్మోగుతుంది. జంపఖానా పరిచి, ఎదుటి గోడకు దుప్పటి వేలాడదీస్తే చాలావరకు తగ్గుతుంది. ఫ్యాన్ ఆపాల్సిందే. ఎండాకాలమైతే అరగంట ముందు ఏసీ వేసి గది చల్లబడ్డాక ఆపేయండి. వయొలిన్‌ను ఆ గదిలో 20 నిమిషాలు ఉంచాకే శ్రుతి చేయాలి. ఏసీ గాలికి తీగలు బిగించే చెక్క బిరడాల బిగువు మారి, ముందు చేసిన శ్రుతి జారిపోతుంది.

డిజిటల్ పియానో ప్లగ్‌ను ఇన్వర్టర్ లైన్‌కు పెట్టండి. కరెంటు పోతే ఫోన్ రికార్డ్ చేస్తూనే ఉంటుంది, పియానో మాత్రం మూగబోతుంది. హెడ్‌ఫోన్ జాక్ తీశారో లేదో చూడండి. అది ఉంటే స్పీకర్లు పలకవు, వీడియోలో కీల టకటక తప్ప ఏమీ వినపడదు.

కెమెరా, శబ్దం

ఫోన్‌ను స్టాండ్ మీద సుమారు రెండు మీటర్ల దూరంలో అడ్డంగా పెట్టండి. పియానో మీద పెడితే కంపనాలు మైకులోకి ఎక్కుతాయి. పియానోకు పక్కనుంచి ముఖం, చేతులు, కీబోర్డు కనపడాలి. వయొలిన్‌కు బో, ఎడమ చెయ్యి రెండూ కనపడాలి, నోట్స్ స్టాండ్ అడ్డు రాకూడదు. మీ పీసుల్లో అన్నిటికన్నా గట్టిగా వాయించే చోటును ఒక నిమిషం తీసి ఇయర్‌ఫోన్లతో వినండి. గరగరమంటే ఫోన్‌ను ఇంకాస్త దూరం జరపండి.

ఫ్లైట్ మోడ్ తప్పనిసరి, ఫోన్ మోగితే టేక్ పోయినట్టే. 1080పీ వీడియోకు ఫోన్‌ను బట్టి నిమిషానికి 60 నుంచి 130 ఎంబీ పడుతుంది. 12 నిమిషాలకు ఒకటిన్నర జీబీ ఖాళీ ఉంచుకోండి.

రికార్డింగ్

మొదట పేరు, వాయిద్యం, గ్రేడ్, పీసుల వివరాలు చెప్పాలి. పీసుల వివరాలు రాసిన ప్రోగ్రామ్ ఫారంతో పాటు, సిలబస్ జాబితాలోంచి కాక సొంతంగా ఎంచుకున్న పీసు మొదటి పేజీ కెమెరాకు చూపాలి. కాగితాన్ని కదపకుండా నాలుగైదు సెకన్లు పట్టుకోండి, లేకపోతే ఫోకస్ కుదరక అక్షరాలు అలికినట్టు కనపడతాయి.

రోజుకు మూడు టేకులు చాలు. నాలుగోది సాధారణంగా అలసటతోనే సాగుతుంది, పిల్లలైతే ఏడుపు ముఖం పెడతారు. ఒక స్వరం తప్పితే ఆగకండి, వెనక్కి వెళ్లి సరిదిద్దకండి. తప్పు స్వరం క్షణంలో పోతుంది, తెగిన లయ మొత్తం పీసును కుంటుపరుస్తుంది. చిన్న తప్పులున్నా ప్రాణంతో సాగిన టేకునే ఎంచుకోండి.

పంపడం

లాప్‌టాప్‌లోకి ఫైల్‌ను కేబుల్‌తోనే తీసుకోండి. వాట్సాప్‌లో వీడియోగా పంపితే అది కుదించుకుపోయి శబ్దం పాడవుతుంది. నెట్ అప్‌లోడ్ వేగం 5 ఎంబీపీఎస్ అయితే ఒకటిన్నర జీబీకి 40 నిమిషాలు పడుతుంది, కాబట్టి ఆఖరి రోజు రాత్రి దాకా ఆగొద్దు. అప్‌లోడ్‌కు ముందు వీడియోను మొదటి నుంచి చివరి దాకా ఒకసారి చూడండి. ఫలితం వచ్చేదాకా అసలు ఫైల్‌ను ఫోన్‌లోంచి తీసేయకండి.