గ్రానైట్ షెడ్డులో మాస్కు: పెట్టుకోమనే అధికారం ఎవరిది?

చిత్తూరు చుట్టుపక్కల గ్రానైట్ కటింగ్, పాలిషింగ్ షెడ్లలో మాస్కు కోసం తగువు పడేముందు, ఆ మాస్కు పనికొచ్చేదో కాదో చూడండి. సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు తెచ్చేది తెల్లగా ఎగిరే దుమ్ము కాదు, అందులో కంటికి కనిపించని 4 మైక్రాన్లకంటే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) సన్నటి సిలికా. అది ఊపిరితిత్తుల్లో ఒకసారి చేరిందంటే నయం చేసే మందు లేదు. సిలికా ఖనిజమైన క్వార్ట్జ్ నల్లరాయిలో తక్కువ, రంగురాళ్లలో ఎక్కువ.

తుండుగుడ్డ, సర్జికల్ మాస్కు ఆ సన్నటి దుమ్మును ఆపలేవు. ప్యాకెట్ మీద ఐఎస్ 9473 (ఈ మాస్కుల భారత ప్రమాణం), ఎఫ్‌ఎఫ్‌పీ2 (దుమ్మును ఆపే సామర్థ్యపు తరగతి) అని ఉన్నది తీసుకోండి. అది కనీసం 94 శాతం ధూళిని ఆపుతుంది, ముఖానికి సరిగ్గా అతికితేనే. పై పట్టీ నడినెత్తిన, కింది పట్టీ చెవుల కింద మెడ మీద ఉండాలి. చాలామంది రెండూ మెడకే వేసుకుంటారు. తల వంచగానే మాస్కు జారి ముక్కు పక్కన సందు పడుతుంది. ముక్కు మీది రేకును రెండు చేతుల వేళ్లతో ఒత్తండి. ఒక్క చేత్తో నొక్కితే మధ్యలో మడత పడుతుంది. తర్వాత అరచేతులతో మాస్కును కప్పి గట్టిగా ఊదండి. కళ్లకు గాలి తగిలితే మళ్లీ సర్దుకోండి. ఊపిరి బయటికి వదిలే వాల్వు ఉన్నదైతే గట్టిగా పీల్చి చూడండి. మాస్కు లోపలికి ముడుచుకోవాలి. గడ్డం పెంచి ఉంటే మాస్కు ఇలా అతకదు. మాస్కును ఉతకొద్దు, కంప్రెసర్ గాలితో బట్టలు దులుపుకోవద్దు.

మాస్కు ఇచ్చేసి చేతులు దులుపుకునే ఓనరు తన బాధ్యత తీర్చినట్టు కాదు. బ్లేడు మీద నీళ్లు, హ్యాండ్ గ్రైండర్ దగ్గర దుమ్ము లాగే ఏర్పాటు ముందు రావాలి.

ఇక అధికారం. షెడ్డులో ఓనరు, మేనేజరు, వాళ్ల తరఫున సూపర్‌వైజరు మాస్కు పెట్టుకోమనవచ్చు, లేకుంటే మిషను దగ్గరికి రానివ్వకపోవచ్చు. కార్మికుడు ఆ మాట వినాలి. కానీ మాస్కు ఖర్చు అతని కూలీలో కోయకూడదు. జరిమానా కూడా ప్రభుత్వ ఆమోదంతో ముందే నోటీసు పెట్టిన తప్పులకే, అతని వివరణ విన్నాకే వేయాలి. అది ఆ నెల వేతనంలో 3 శాతం దాటకూడదు. గేటు దగ్గర సెక్యూరిటీ ఆపగలడు, జరిమానా వేయలేడు.

బయటినుంచి తనిఖీ చేసేది రాష్ట్ర ఫ్యాక్టరీల శాఖ. 2025 నవంబర్ 21న కార్మికుల భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కొత్త చట్టం (కోడ్) అమల్లోకి వచ్చాక ఆ అధికారిని ఇన్‌స్పెక్టర్-కమ్-ఫెసిలిటేటర్ అంటున్నారు. క్వారీ అయితే అది గని, కేంద్రం కింది గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ చూస్తుంది. ఒకరికి ఇవ్వాల్సిన ఫిర్యాదు ఇంకొకరికి ఇస్తే కాగితం తిరుగుతూనే ఉంటుంది. అందుకే అర్జీలో మొదటి వరుసలోనే 'షెడ్డు' లేదా 'క్వారీ' అని రాయండి. ఆపై ఏ మిషను, ఏ షిఫ్టు, నీళ్లు వాడుతున్నారా లేదా, ఏ రకం మాస్కు ఇచ్చారో రాసి, ప్యాకెట్ ఫొటో జతచేయండి.