ప్లాట్ల ఫోన్లు ఆగాలంటే 1909

షాద్‌నగర్‌లో ప్లాట్లు, యాదగిరిగుట్ట దగ్గర వెంచరు, పర్సనల్ లోను... హైదరాబాద్‌లో ఫోన్ ఉన్నవాళ్లందరికీ ఈ గోల తెలిసిందే. మా అమ్మ మధ్యాహ్నం కాసేపు కునుకు తీద్దామన్నా కుదిరేది కాదు. పెద్దవాళ్లున్న ఇంట్లో ఈ పని తప్పకుండా చేసిపెట్టండి.

ఇంగ్లిష్‌లో స్టార్ట్ అని టైప్ చేసి, ఒక ఖాళీ వదిలి 0 కొట్టి, 1909కి ఎస్సెమ్మెస్ పంపండి. ప్రచార కాల్స్, మెసేజ్‌లు ఆపమని చెప్పినట్టే. బ్యాంకు ఓటీపీలకు ఏమీ కాదు, భయపడకండి. అమలు కావడానికి కొన్ని రోజులు పట్టొచ్చు.

ఆ తర్వాత కూడా మామూలు పదంకెల నంబర్ల నుంచి చేసేవాళ్లుంటారు. అసలు తలనొప్పి వీళ్లే. ఊరికే బ్లాక్ చేస్తే ఇంకో నంబరుతో వస్తారు, అందుకే ఫిర్యాదు చేయాలి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వారి డీఎన్‌డీ (డు నాట్ డిస్టర్బ్) యాప్‌లో ఆ కాల్ వివరాలు పెడితే చాలు. ఏడు రోజుల్లోపు పెట్టాలి, కాబట్టి కాల్ లిస్టు చెరిపేయకండి.

ఇలాంటి ఫోన్లలో మోసపోయి డబ్బు పోయిందంటే మాత్రం ఇవన్నీ కాదు, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.