చెట్టు కింద పచ్చికలో లిల్లీ దుంపలు: ఆకులున్నా పువ్వు రాకపోతే

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు మామిడి, పనస చెట్ల కింద నాటి వదిలేయడానికి మూడు రకాలు నమ్మకమైనవి: ఎండలు ముదిరే వేళకు పూసే హిప్పియాస్ట్రం (అమరిల్లిస్ అని కూడా అంటారు), ఏప్రిల్-మే నెలల్లో ఎర్ర బంతిలా విచ్చే ఫుట్‌బాల్ లిల్లీ, వాన పడ్డాక పూసే రెయిన్ లిల్లీ. తులిప్ జోలికి పోకండి. దానికి 12 వారాలకు పైగా 9 డిగ్రీల లోపు చలి కావాలి. కోరాపుట్ కొండల మీద కూడా అంత చలి అన్నాళ్లు నిలవదు.

ఆకులు గుబురుగా ఉన్నాయి, పువ్వు లేదు

ముందు గడ్డి కోసే మిషన్‌ను అనుమానించండి. హిప్పియాస్ట్రం దుంప సుమారు నాలుగు ఆకులకు ఒక పూలకాడను లోపలే కట్టుకుంటుంది. వానాకాలంలో గడ్డితోపాటు ఆకులూ తెగితే వచ్చే ఏడాది పూత పోయినట్టే. దుంపలున్న మేర నాలుగు మూలలా పుల్లలు పాతి, ఆకులు వాటంతటవే పండేదాకా మిషన్ పోనివ్వకండి.

కోత కారణం కాకపోతే యూరియా కావచ్చు. గడ్డి కోసం చల్లింది దుంపకూ అందుతుంది, ఆకులే పెరుగుతాయి. అక్కడ యూరియా మాని, తొలకరికి చదరపు మీటరుకు రెండు దోసిళ్ల మాగిన గత్తం, గుప్పెడు ఎముకల పొడి వేయండి.

మూడోది నీళ్లు. డిసెంబరు, జనవరి నెలల్లో హిప్పియాస్ట్రం ఎండాలి. గడ్డి పసుపెక్కితే ఎక్కనివ్వండి, వానకు అదే లేస్తుంది.

ఇవేవీ కాకపోతే నీడ మరీ చిక్కనైందన్నమాట. దుంపలను కొమ్మల అంచు కిందికి మార్చండి, లేదా అక్కడ ఫుట్‌బాల్ లిల్లీ వేయండి.

ఫుట్‌బాల్ లిల్లీ చలికాలంలో మాయమైంది

చావలేదు, నిద్రపోయింది. తవ్వి చూడకండి.

దుంప మెత్తబడి వాసన వస్తోంది

చెట్టు పాదులో నీరు నిలిచింది, లేదా లోతుగా నాటారు. దుంప తీసి, తెల్లని గట్టి పొర కనబడేదాకా కుళ్లు చెక్కేయండి. లీటరు నీటికి 2 గ్రాముల కార్బెండజిమ్ (కుళ్లు తెచ్చే శిలీంధ్రాలను చంపే మందు) కలిపి అరగంట ముంచి, మూడు రోజులు నీడలో ఆరబెట్టండి. మళ్లీ నాటేటప్పుడు ఇసుక కలిపిన మట్టిని జానెడు ఎత్తు చేసి, మెడ పైకి కనబడేలా పెట్టండి. రెయిన్ లిల్లీని మాత్రం 3-4 సెంటీమీటర్ల లోతున పెట్టాలి. బొటనవేలంత లావు చెట్టు వేరు అడ్డొస్తే నరకకుండా పక్కకు జరగండి.

వానల్లో ఆకులు తెల్లారేసరికి మొండిగా మిగిలాయి

నల్లటి ఒంటి మీద తెల్ల చుక్కలు, ఎర్ర మచ్చలున్న లిల్లీ గొంగళి పురుగు పని. గుంపుగా ఉంటాయి కాబట్టి చేత్తో ఏరి సబ్బునీళ్లలో వేయడమే త్వరగా అవుతుంది. మిగిలినవాటికి లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం కొట్టండి.

తీసిన దుంపలను వంటింటి వైపు పెట్టకండి. చూడటానికి ఉల్లిపాయలా ఉంటాయి, తింటే విషం. చెక్కిన ముక్కలు పశువులకూ అందకూడదు.