క్లోజపిన్ మొదలుపెట్టే ముందు ఇవి చూసుకోండి

ఇంట్లో ఎవరికైనా స్కిజోఫ్రెనియా అనే మానసిక జబ్బుకి క్లోజపిన్ అనే మందు రాశారా, అయితే ఇది చదవండి.

రక్తపరీక్ష లేకుండా మొదటి మాత్ర వద్దు. కొందరిలో ఇది ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్ల రక్తకణాల్ని ప్రమాదకరంగా పడగొట్టేస్తుంది, అందుకే మొదట్లో వారం వారం టెస్టు, జ్వరమో గొంతునొప్పో వస్తే మామూలు జలుబేలే అనుకోకుండా అదే రోజు డాక్టర్‌కి చెప్పాలి.

మలబద్ధకం దాచొద్దు. పేగులు కదలక ప్రాణం మీదికి రావొచ్చు, నాకైతే అందరూ తేలిగ్గా వదిలేసేది ఇదే అనిపిస్తుంది.

48 గంటలు దాటి మందు ఆగిపోతే పాత డోసు వేసేయకండి, బీపీ పడిపోవచ్చు, డాక్టర్‌ని అడిగి మళ్లీ తక్కువ నుంచే.

సిగరెట్ సడన్‌గా మానేస్తే రక్తంలో మందు పెరిగిపోతుంది, మానే ముందే చెప్పండి.

మొదటి నెలలో ఛాతీ నొప్పి, ఆయాసం వస్తే వెంటనే ఆసుపత్రికి, గుండె కండరం వాపు కావొచ్చు.