బాగా చదివే పిల్లలకు కళాశాలల జాబితా ఎలా వేయాలి: బెంగళూరులోని తెలుగు తల్లిదండ్రుల కోసం

తరగతిలో ముందుండే పిల్లల కోసం బెంగళూరులోని తెలుగు ఇళ్లలో తయారయ్యే జాబితాలు చాలావరకు ఒకే తీరుగా ఉంటాయి. పైన ఐఐటీ బొంబాయి, దాని కింద ఢిల్లీ, మద్రాసు, కాన్పూర్, ఖరగ్‌పూర్, హైదరాబాదు, అన్నిటికీ చివర ‘ఏదీ రాకపోతే ఇక్కడి ఆర్‌వీ కళాశాల ఉంది కదా’ అన్న ఒక మాట. చూడటానికి అందులో ఏడు పేర్లున్నా, నిజానికి ఉన్న అవకాశాలు రెండే. దేశంలోని 23 ఐఐటీలకూ కలిపి జేఈఈ అడ్వాన్స్‌డ్ అనే ఒకే పరీక్ష ఉంది. అది ఒకే రోజున, మూడేసి గంటల రెండు పేపర్లుగా జరుగుతుంది. ఆ రోజు పిల్లకు జ్వరం వచ్చినా, మొదటి పేపరులో ధైర్యం సడలినా, పై ఆరు పేర్లూ ఒక్కసారే చెరిగిపోతాయి. అందువల్ల జాబితా వేయడం కళాశాలల పేర్లతో కాక పరీక్షల పేర్లతో మొదలుపెట్టాలి. సమతూకం అంటే కష్టమైనవి కొన్ని, సులువైనవి కొన్ని రాసుకోవడం మాత్రమే కాదు; అవి వేర్వేరు పరీక్షల మీద, వేర్వేరు రోజుల మీద ఆధారపడి ఉండాలి.

మొదట పరీక్షలను పంచుకోండి

ఇంజనీరింగు, సైన్సు వైపు వెళ్లదలచిన విద్యార్థికి బెంగళూరులో ఉండి అందే పరీక్షలు తక్కువేమీ కావు. జేఈఈ మెయిన్ జనవరిలోనూ ఏప్రిల్‌లోనూ రెండు విడతలుగా జరుగుతుంది, రెంటిలో మెరుగైన స్కోరునే లెక్కిస్తారు. 31 ఎన్‌ఐటీల బీటెక్ సీట్లు దీని ర్యాంకు మీదే నిండుతాయి. ట్రిపుల్ ఐటీ హైదరాబాదు, ట్రిపుల్ ఐటీ బెంగళూరు కూడా ఈ స్కోరును తీసుకుంటాయి గాని, ఐఐటీ, ఎన్‌ఐటీ సీట్లను కేటాయించే జోసా కౌన్సెలింగ్‌లో ఉండవు, వాటికి విడిగా దరఖాస్తు చేసుకోవాలి. ఈ తేడా తెలియక గడువు దాటిపోయిన ఇళ్లు ఏటా కనిపిస్తూనే ఉంటాయి. బిట్స్ పిలానీ, గోవా, హైదరాబాదు ప్రాంగణాలకు బిట్‌శాట్ వేరు. కర్ణాటకలో రాష్ట్ర పరీక్షల సంస్థ కేఈఏ నిర్వహించే ఉమ్మడి ప్రవేశ పరీక్ష కేసెట్ ఒకటి, ప్రైవేటు కళాశాలల కోసం కామెడ్‌కే మరొకటి, పీఈఎస్ విశ్వవిద్యాలయానికి దాని సొంత పరీక్ష ఇంకొకటి.

సైన్సు మీద నిజమైన ఇష్టం ఉన్న పిల్లల విషయంలో మన ఇళ్లలో సాధారణంగా జరిగే లోపం ఏమిటంటే, యశ్వంతపూర్ దాటి వెళ్తూ రోజూ చూసే భారతీయ విజ్ఞాన సంస్థ జాబితాలోకే రాదు. అక్కడి నాలుగేళ్ల బీఎస్ కోర్సుకు జేఈఈ మెయిన్ ర్యాంకుతో గాని, జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకుతో గాని, ఐసర్ల (కేంద్ర విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థల) ప్రవేశ పరీక్ష అయిన ఐఏటీ ర్యాంకుతో గాని వెళ్లవచ్చు. అంటే ఒకే సంస్థకు మూడు తలుపులున్నాయన్నమాట. జాబితాలో ఇంతకంటే మంచి భద్రత అరుదు. 2022లో మొదలైన గణితం, కంప్యూటింగ్ బీటెక్‌కు మాత్రం జేఈఈ అడ్వాన్స్‌డ్ ఒక్కటే దారి. ఏడు ఐసర్లలో ఒకటి తిరుపతిలోనే ఉంది. గణితమంటే ప్రాణం పెట్టే పిల్లలకు మైసూరు రోడ్డు వైపున్న భారతీయ గణాంక సంస్థ బెంగళూరు కేంద్రంలో బీమ్యాథ్, చెన్నై దగ్గర సిరుసేరిలోని చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ ఉన్నాయి; ఈ రెండూ సొంత పరీక్షలు పెట్టుకుంటాయి, వాటిలో వేగం కంటే నిరూపణ రాయగల నేర్పుకు విలువ ఎక్కువ. కోచింగ్ పరీక్షల్లో పదో ర్యాంకు దగ్గర ఆగిపోయే కొందరు పిల్లలు ఇలాంటి చోట మొదటి వరుసలో నిలవగలరు.

ఈ పరీక్షలన్నీ రాయించమని చెప్పడం లేదు. ఏప్రిల్ నుంచి జూన్ లోపు అవి ఒకదాని వెనక ఒకటి వస్తాయి. 2025లో జేఈఈ అడ్వాన్స్‌డ్ మే 18న జరిగితే, ఐఏటీ సరిగ్గా వారానికి మే 25న జరిగింది. జేఈఈ మెయిన్, కేసెట్ రెండూ తప్పనిసరి అనుకుంటే, వాటికి తోడు మరో మూడు చాలు. అంతకు మించి పెరిగితే పిల్ల ప్రతి పరీక్షకూ అలసటతోనే వెళ్తుంది.

సొంత రాష్ట్రం ఏది అన్న ప్రశ్న

తెలుగు కుటుంబాలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఎన్‌ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం విద్యార్థులకు కేటాయిస్తారు, అయితే సొంత రాష్ట్రం అనేది తాతల ఊరిని బట్టి గాని, ఆధార్ కార్డు మీద చిరునామాను బట్టి గాని కాదు, పన్నెండో తరగతి ఏ రాష్ట్రంలో ఉత్తీర్ణులయ్యారన్నదాన్ని బట్టి తేలుతుంది. నెల్లూరు వాళ్లయినా, కరీంనగర్ వాళ్లయినా, మారతహళ్లిలో పన్నెండు చదివిన అమ్మాయికి సొంత రాష్ట్రపు ఎన్‌ఐటీ సురత్కల్‌లోనిదే. వరంగల్, తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీలు ఆమెకు పరరాష్ట్రం కిందికి వస్తాయి. ‘మన వరంగల్ కదా, సులువుగా వస్తుంది’ అని, అందవచ్చనుకునే మధ్య వరుసలో ధీమాగా రాసుకున్న పేరు ఈ ఒక్క నిబంధనతో అందడం కష్టమైన పై వరుసకు ఎగబాకుతుంది.

పదో తరగతి అయ్యాక పిల్లలను విజయవాడకో హైదరాబాదుకో రెసిడెన్షియల్ ఇంటర్‌కు పంపాలనుకునేవారు ఈ లెక్కను ముందే వేసుకోవాలి. ఇంటర్ అక్కడ పాసైతే ఎన్‌ఐటీల విషయంలో సొంత రాష్ట్రం మారిపోతుంది, సురత్కల్ సగం సీట్లు చేజారతాయి. అయితే కేసెట్ నిబంధన వేరుగా ఉంది: ఒకటి నుంచి పన్నెండు తరగతుల మధ్య కనీసం ఏడు విద్యా సంవత్సరాలు కర్ణాటకలో చదివి, పది గాని పన్నెండు గాని కర్ణాటకలో పాసైనవారికి అర్హత ఉంటుంది. కాబట్టి పది వరకు ఇక్కడే చదివి ఇంటర్‌కు విజయవాడ వెళ్లినవారికి కేసెట్ పోదు. మరోవైపు, ఉద్యోగం మారి పిల్లవాడి ఆరో తరగతిలో బెంగళూరు వచ్చినవారికి పన్నెండు ముగిసేసరికి సరిగ్గా ఏడేళ్లు నిండుతాయి, ఏడో తరగతిలో వచ్చినవారికి ఒక ఏడు తగ్గుతుంది. అలాంటివారు తల్లిదండ్రుల చదువు, ఉద్యోగం ఆధారంగా ఉన్న ఇతర నిబంధనల్లో ఏదైనా తమకు వర్తిస్తుందేమో కేఈఏ సమాచార పుస్తికలో చూసుకోవాలి. ఏదీ వర్తించకపోతే కామెడ్‌కే అనివార్యమవుతుంది. చదివిన ప్రతి బడి నుంచి స్టడీ సర్టిఫికెట్టు తెచ్చుకొని బ్లాకు విద్యాధికారి (బీఈఓ) సంతకం చేయించుకునే పని డిసెంబరులోనే ముగించడం మంచిది, మేలో బడులు మూసి ఉంటాయి.

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌లో 85 శాతం సీట్లు స్థానికులవి. స్థానికత సాధారణంగా అర్హత పరీక్షతో ముగిసే నాలుగేళ్ల వరుస చదువును బట్టి వస్తుంది కనుక, బెంగళూరులో పెరిగిన పిల్లలు దాన్ని భద్రమైన చివరి వరుసగా భావించకూడదు.

రిజర్వేషన్ ఉన్న కుటుంబాలు మరో విషయం గమనించాలి. జోసాకు కేంద్ర ఓబీసీ జాబితా ప్రమాణం. అది రాష్ట్రాలవారీగా ఉంటుంది. కేసెట్‌కు 2ఏ, 3బీ వంటి కర్ణాటక వర్గాలు ప్రమాణం. ఆంధ్రప్రదేశ్‌లో బీసీ అయినంత మాత్రాన ఈ రెండింటిలోనూ స్థానం ఉంటుందని లేదు. జోసాకు సమర్పించే ఓబీసీ, ఈడబ్ల్యూఎస్ పత్రాలు ఆ ఏడాది ఏప్రిల్ 1 తరువాత జారీ అయినవై ఉండాలి.

పర్సంటైల్‌ను ర్యాంకుగా మార్చి చూడండి

తొంభై తొమ్మిది పర్సంటైల్ అన్న మాట వినగానే ఇంట్లో మిఠాయిలు పంచుతారు, పంచవలసినదే. కాని జాబితా వేసేటప్పుడు దాన్ని ర్యాంకులోకి మార్చాలి. 2025లో జేఈఈ మెయిన్ రాసినవారు దాదాపు 14.75 లక్షల మంది. అందులో ఒక శాతం అంటే 14,750. అంటే 99 పర్సంటైల్ వచ్చిన విద్యార్థి ముందు పద్నాలుగు వేల మందికి పైగా ఉన్నారు. వరంగల్, తిరుచిరాపల్లి, సురత్కల్ వంటి పాత ఎన్‌ఐటీల్లో ఓపెన్ కేటగిరీలో కంప్యూటర్ సైన్స్ ఆ ర్యాంకుకు రాదు. 99.9 దగ్గర ర్యాంకు 1,500 ప్రాంతంలో ఉంటుంది. దశాంశం తరువాతి అంకెలోనే మొత్తం కథ ఉంది. జేఈఈ అడ్వాన్స్‌డ్ విషయంలోనూ ‘క్వాలిఫై’ అయ్యాడన్న మాటకు మన ఇళ్లలో ఉన్న విలువ కౌన్సెలింగ్‌లో ఉండదు: 2025లో 54,378 మంది అర్హత సాధించగా ఐఐటీలన్నిటిలో ఉన్న సీట్లు 18 వేల పైచిలుకు మాత్రమే.

జోసా తన వెబ్‌సైటులో గత సంవత్సరాల ప్రారంభ, ముగింపు ర్యాంకులు పెడుతుంది. కనీసం మూడేళ్ల చివరి రౌండు ముగింపు ర్యాంకులు చూడండి, ఒక్క ఏడాది చూసి నిర్ణయించవద్దు. పట్టికలో సొంత రాష్ట్రం, పరరాష్ట్రం వేర్వేరు వరుసల్లో ఉంటాయి, జెండర్ న్యూట్రల్, ఫీమేల్ ఓన్లీ వరుసలు కూడా వేరు. అమ్మాయి ఉన్న ఇంట్లో రెండు వరుసలూ చూడాలి, చాలాచోట్ల రెండో వరుసలో ముగింపు ర్యాంకు కాస్త సడలింపుగా ఉంటుంది. ఓబీసీ, ఎస్సీ, ఎస్టీ, ఈడబ్ల్యూఎస్ వరుసల్లో రాసేది ఆ వర్గంలోని ర్యాంకు. దాన్ని కామన్ ర్యాంకుతో పోల్చి నిరుత్సాహపడేవారూ, లేనిపోని ఆశ పెట్టుకునేవారూ ఇద్దరూ ఉంటారు.

అంచనా ర్యాంకుగా పిల్లవాడి అత్యుత్తమ మాక్ టెస్టు మార్కును తీసుకోవడం సహజమైన బలహీనత. చివరి పది మాక్ టెస్టుల మధ్య స్థాయిని తీసుకోండి. ఆ ర్యాంకు మీద మూడేళ్లలో ఒక్కసారీ తెరుచుకోని కోర్సు పై వరుసలోకి, ఒకసారి తెరుచుకొని ఒకసారి మూసుకున్నది మధ్య వరుసలోకి, మూడేళ్లూ తేలికగా అందినది కింది వరుసలోకి వెళ్లాలి. కళాశాలను కాకుండా కళాశాలనూ బ్రాంచినీ జంటగా రాయాలి, ఎందుకంటే ఒకే కళాశాలలో కంప్యూటర్ సైన్స్ పై వరుసలోనూ సివిల్ కింది వరుసలోనూ ఉండవచ్చు.

కింది వరుసకు గౌరవం ఇవ్వండి

పై వరుస తనంతట తాను నిండుతుంది, దాని గురించి ఇక్కడ రాయవలసింది లేదు. శ్రద్ధ పెట్టవలసింది కింది వరుస మీద. అందులో రెండు మూడు పేర్లు చాలు, కాని వాటిలో ప్రతి ఒక్కటీ మూడు షరతులకు నిలవాలి: ర్యాంకు తప్పినా అందాలి, ఫీజు కట్టగలగాలి, పిల్ల అక్కడికి ఏడవకుండా వెళ్లగలగాలి. మూడో షరతును మనం అడగం. ఆ కళాశాల ప్రాంగణాన్ని పన్నెండో తరగతి మొదట్లోనే ఒక శనివారం వెళ్లి చూసి రావడం, అక్కడ చదువుతున్న సీనియర్‌తో పిల్ల ఒంటరిగా అరగంట మాట్లాడటం, ఫలితాల తరువాత చేసే ఓదార్పులన్నిటికంటే మేలు చేస్తాయి.

బెంగళూరు వారికి ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. ఆర్‌వీ, బీఎంఎస్, రామయ్య వంటి కళాశాలల్లో కేసెట్ ద్వారా కొన్ని సీట్లు, కామెడ్‌కే ద్వారా కొన్ని సీట్లు నిండుతాయి. తరగతి గది, అధ్యాపకుడు, డిగ్రీ ఒకటే అయినా కామెడ్‌కే సీటు ఫీజు బాగా ఎక్కువ. కాబట్టి రెండింటినీ రెండు వేర్వేరు పేర్లుగా, పక్కన నాలుగేళ్ల మొత్తం ఫీజు రాసి, జాబితాలో చేర్చాలి. కేసెట్ ఇంజనీరింగు ర్యాంకులో సగం పరీక్ష మార్కులు, సగం పన్నెండో తరగతి భౌతిక, రసాయన, గణిత మార్కులు. జేఈఈ ధ్యాసలో బోర్డు పరీక్షను చిన్నచూపు చూసే పిల్లలు తమ కింది వరుసను తామే బలహీనం చేసుకుంటారు. ఐఐటీ, ఎన్‌ఐటీలకు కూడా ఓపెన్ కేటగిరీలో పన్నెండులో 75 శాతం, లేదా బోర్డులో మొదటి 20 పర్సంటైల్‌లో స్థానం ఉండాలి.

ఉదాహరణకు, గణితం ఇష్టపడే, మెయిన్‌లో ఆరు వేల ర్యాంకు దగ్గర అంచనా ఉన్న బెంగళూరు అమ్మాయి జాబితా ఇలా ఉండవచ్చు. పైన ఐఐటీలన్నీ కలిపి ఒకే పేరుగా, విజ్ఞాన సంస్థ బీటెక్ దానికి అనుబంధంగా. మధ్యలో విజ్ఞాన సంస్థ బీఎస్, బీమ్యాథ్, సొంత రాష్ట్రపు కోటాలో సురత్కల్ ఎలక్ట్రానిక్స్. కింద కేసెట్ మీద రెండు కళాశాలలు, కామెడ్‌కే మీద ఒకటి. ఇందులో ఐదు పరీక్షలు కాక బోర్డు మార్కులు కూడా పనిచేస్తున్నాయి. ఈశాన్య రాష్ట్రాల ఎన్‌ఐటీలో కంప్యూటర్ సైన్స్ కూడా అందవచ్చు, కాని అంత దూరం వెళ్లనని అమ్మాయి చెబితే దాన్ని కొట్టివేయాలి. వెళ్లని చోటును భద్రత అనుకోవడానికి వీల్లేదు.

ఆప్షన్లు పెట్టేటప్పుడు

‘అందని సీటును పైన పెడితే అందే సీటు కూడా పోతుంది’ అన్న మాట అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపుల్లో ఏటా జూన్‌లో తిరుగుతుంది. అది నిజం కాదు. జోసా కేటాయింపు మీరు ఇచ్చిన వరుసలో పైనుంచి కిందికి చూసుకుంటూ వస్తుంది. పైది అందకపోతే కింది దానికి మీ ర్యాంకు బలం ఏమీ తగ్గదు. అందువల్ల అందుబాటును బట్టి కాక ఇష్టాన్ని బట్టి వరుస పెట్టాలి. అయితే ఒక జాగ్రత్త: వచ్చిన సీటు ఉంచుకొని పై ఆప్షన్ల కోసం చూసే ఫ్లోట్ ఎంచుకొని, తరువాతి రౌండులో పై ఆప్షన్ దక్కితే పాత సీటు పోతుంది, మళ్లీ అడిగితే రాదు. కాబట్టి చేతిలో ఉన్న సీటు కంటే నిజంగా మెరుగనుకున్నవే దానికి పైన ఉండాలి. అదే కళాశాలలో మెరుగైన బ్రాంచి మాత్రమే కావాలంటే స్లయిడ్, ఇక చాలనుకుంటే ఫ్రీజ్. కేఈఏలో ఇదే వ్యవహారం నాలుగు ఛాయిస్‌లుగా ఉంటుంది. సీటు ఉంచుకొని తరువాతి రౌండుకు వెళ్లాలంటే రెండోది, సీటు వదులుకొని వెళ్లాలంటే మూడోది. ఈ రెంటినీ తారుమారు చేస్తే చేతిలోని సీటు పోతుంది, కనుక ఆ తెర ముందు తొందరపడవద్దు.

జోసా, కేఈఏ, కామెడ్‌కే రౌండ్ల తేదీలు ఒకదాని మీద ఒకటి పడతాయి. ఒకచోట కట్టిన ఫీజు తిరిగి రావాలంటే ఏ తేదీలోపు ఉపసంహరించుకోవాలో, ఎంత కోత పడుతుందో ప్రతి పేరు పక్కనా ముందే రాసి ఉంచండి. అసలు పత్రాలు ఒక కళాశాలలో ఇచ్చేశాక మరోచోట రిపోర్టు చేయవలసి వస్తే ఇబ్బంది పడతారు, అందువల్ల ప్రతి పత్రానికీ నకళ్లు సిద్ధంగా పెట్టుకొని, చివరి రౌండు ముగిసేదాకా అసలువి ఎవరి దగ్గర ఉన్నాయో లెక్క ఉంచుకోండి.