పాత కవర్ మీది స్టాంపు ఊడదీయకండి

నల్లగొండ, పాలమూరు దిక్కు పాత ఇండ్లల్ల దస్తావేజుల మూటలో నిజాం కాలం ఉత్తరాలు దొరికితే, స్టాంపును నీళ్లలో నానబెట్టి తీయకండి. వాడనిదానికన్నా పోస్టాఫీసు ముద్ర పడ్డ స్టాంపుకే ఒక్కోసారి ధర ఎక్కువ. ఉదాహరణకు, జర్మనీలో 1923లో ధరలు మండిపోయి స్టాంపులు కొన్ని రోజులకే పనికిరాకుండా పోయాయి. వాడనివి కట్టలకొద్దీ మిగిలాయి, నిజంగా ఉత్తరమెక్కినవే తక్కువ. అందుకే వాటిపై దొంగముద్రలూ ఎక్కువే.

అసలుదానికి గుర్తు: ముద్ర సిరా స్టాంపు అంచు దాటి కవర్ మీదికి పాకాలి, తేదీ స్టాంపు చెలామణిలో ఉన్న కాలానిదై ఉండాలి. చిన్న ఊరి పేరు, తేదీ స్పష్టంగా కనబడితే ఇంకా మంచిది. కవర్‌ను కత్తిరించకుండా మొత్తంగా ఉంచండి. సెలోటేప్ మాత్రం వద్దు, జిగురు పసుపు మరకై దిగుతుంది. లామినేషన్ చేయిస్తే ఇగ అంతే!